తిండి లేని ఇసుక, వేటాడే ఆకు

గూడూరు నుంచి సముద్రం వైపు, చిల్లకూరు, కోట మండలాల్లోకి దిగితే నేల రంగు మారిపోతుంది. పాలిపోయిన తెల్లటి ఇసుక మొదలవుతుంది. అది సిలికా ఇసుక. గాజు ఫ్యాక్టరీలకు, ఇనుము పోతపోసే ఫౌండ్రీలకు దశాబ్దాలుగా ఇక్కణ్నుంచి లారీల్లో తరలిపోతోంది. గాజు చేసేవాళ్లకు దాని మీద అంత మోజు ఎందుకంటే, అది దాదాపు అంతా క్వార్ట్జే. ఇనుము, సున్నం, బంకమన్ను నామమాత్రం. సరిగ్గా ఆ గుణమే రైతుకు శాపం. ఈ ఇసుకలో నత్రజని నిలవదు, భాస్వరం నిలవదు. వేసిన ఎరువు ఒక్క వానకు అడుక్కు దిగిపోతుంది. సరుగుడు, జీడిమామిడి లాంటి మొండి చెట్లు తప్ప అంత తేలిగ్గా ఏదీ కుదురుకోదు.

ఇలాంటి నేలనే ఏరికోరి ఎంచుకునే మొక్క డ్రోసెరా. కీటకాహార మొక్కల పాఠంలో బొమ్మ చూసి, ఇది ఎక్కడో విదేశాల్లోనో మేఘాలయ కొండల్లోనో ఉండేదని చాలామంది అనుకుంటారు. మన దేశంలో డ్రోసెరా జాతులు ప్రధానంగా మూడు: బర్మానై, ఇండికా, పెల్టేటా. పెల్టేటా కొండల మొక్క. మిగతా రెండూ పల్లపు నేలలవి, కోరమాండల్ తీరానికి సొంత మొక్కలు. ఇండికాకు లిన్నేయస్ 1753లో పేరు పెట్టాడు, బర్మానైకి వాల్ 1794లో పెట్టాడు. పాత మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద గాంబుల్ 1915లో మొదలుపెట్టిన గ్రంథంలో ఈ మూడూ ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పట్టాక, ఇసుకలోంచి ఇంకా నీరు ఊరుతూ ఉండే పల్లాల్లో, దొరువు (ఇసుకలో తవ్విన నీటి గుంట) గట్ల లాంటి తడి అంచుల్లో, గడ్డి పొట్టిగా పలచగా ఉన్నచోట వీటిని వెతకాలి. ఎండలు ముదిరి ఇసుక ఆరిపోయేసరికి మొక్క చచ్చిపోతుంది. విత్తనం ఇసుకలో పడి మళ్లీ వానల కోసం కాచుకుంటుంది.

బర్మానైని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. మొత్తం మొక్క రూపాయి బిళ్లంత ఉంటుంది, బాగా సాగితే మూడు నాలుగు సెంటీమీటర్లు. ఆకులు నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటాయి. ఒక్కో ఆకు మొదట్లో సన్నగా మొదలై కొసకు వచ్చేసరికి వెడల్పవుతుంది. ఎండలో పెరిగింది ఎర్రగా, నీడలో పెరిగింది పచ్చగా ఉంటుంది. ఆకు పైభాగం నిండా నిక్కపొడుచుకున్న కేశాలు, ఒక్కో కేశం కొసన ఎర్రటి గ్రంథి, దాని చుట్టూ మెరిసే బొట్టు. ఆ బొట్టు మంచు కాదు. ఎంత ఎండలోనైనా అంత సులువుగా ఆరిపోదు. చక్కెర జాతి పదార్థాలు కలిసిన పుల్లటి జిగురు అది. వేలితో తాకి లాగితే సన్నటి దారమై సాగుతుంది, తెగనని మొరాయిస్తుంది.

ఒక దోమ ఆ బొట్ల మీద వాలిందనుకుందాం. కాలు అంటుకుంటుంది. విడిపించుకోబోయి రెక్క ఆనిస్తే రెక్కా అంటుకుంటుంది. తన్నుకునేకొద్దీ ఇంకో నాలుగు బొట్లు మీదికి వస్తాయి. ఆ జిగురు శ్వాసరంధ్రాలను కప్పేస్తే పురుగుకు ఊపిరాడదు. ఇంతలో ఆకు అంచున మరో పని జరిగిపోతుంది. బర్మానై ఆకుల్లో అన్నిటికంటే బయటి వరసలో పొడుగాటి కేశాలు కొన్ని ఉంటాయి. వాటి కొసన జిగురు ఉండదు, వాటి పని అంటించడం కాదు. అంచున పాకుతున్న చీమ వాటిని తాకితే కొద్ది సెకన్లలోనే లోపలికి ముడుచుకుని, చీమను ఆకు నడిమికి, జిగురు చిక్కగా ఉన్నచోటికి నెట్టేస్తాయి. కంటికి కనబడేంత వేగం అది. మొక్క కదలడం కళ్లారా చూడాలనుకునేవాళ్లకు అత్తిపత్తి తర్వాత నేను చూపించేది దీన్నే. ఆస్ట్రేలియాలో దీని బంధువు గ్లాండులిజెరా ఇంకా దూకుడుది. దాని కేశం సెకనులో పదమూడో వంతులో, అంటే 75 మిల్లీసెకన్లలో పురుగును విసిరేస్తుందని 2012లో జర్మన్ పరిశోధకులు కొలిచారు. కాకపోతే ఆ కేశం ఒక్కసారికే పనికొస్తుంది. బర్మానై కేశం మళ్లీ తెరుచుకుని మళ్లీ వాడుకలోకి వస్తుంది.

ఈ మొక్క ఏది తిండో, ఏది కాదో ఎలా పోల్చుకుంటుంది? ఈ ప్రశ్న 1860 వేసవిలో ఇంగ్లండులో చార్లెస్ డార్విన్‌ను పట్టుకుంది. జాతుల పుట్టుక మీద పుస్తకం వచ్చి ఏడాది కూడా కాలేదు, లోకమంతా దాని గురించే వాదులాడుకుంటోంది. ఆయనేమో డ్రోసెరా రోటుండిఫోలియా అనే చలిదేశపు జాతి ఆకుల మీద వెంట్రుక ముక్కలు పెడుతూ కూర్చున్నాడు. ఆ పరిశీలనలు 15 ఏళ్లు సాగి 1875లో కీటకాహార మొక్కల మీద పుస్తకంగా వచ్చాయి. ఒక్కో ఆకు మీద సగటున 192 కేశాలు లెక్కపెట్టాడు. మిల్లీగ్రాములో వెయ్యోవంతు కూడా లేని వెంట్రుక ముక్క, 0.0008 మిల్లీగ్రాములది, గ్రంథి మీద ఆనితే కేశం వంగుతుందని చూశాడు. అదే కేశం మీద ఎంత పెద్ద వానచినుకు పడినా చలించదు. వాన తరచూ పడే చోట బతికే మొక్క ప్రతి చినుక్కీ ముడుచుకుంటే దాని శక్తంతా అక్కడే హరించుకుపోతుంది కదా. మాంసం ముక్క, పాలు, గుడ్డు తెల్లసొన పెడితే ఆకు ముడుచుకుంది. చక్కెర నీళ్లు, గంజి, ఆలివ్ నూనె వేస్తే పట్టించుకోలేదు. నత్రజని ఉన్నదేదో లేనిదేదో ఆ ఆకుకు తెలుసు. వాన తరచూ పడే చోట బతికే మొక్క ప్రతి చినుక్కీ ముడుచుకుంటే దాని శక్తంతా అక్కడే హరించుకుపోతుంది కదా. ఆ తర్వాత 1878లో ఆయన కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్, కొన్ని మొక్కలకు మాంసం పెట్టి కొన్నింటిని పస్తుంచి, తిండి తిన్నవాటికి రెట్టింపుకు పైగా విత్తనాలు కాశాయని చూపించాడు.

ఇప్పుడు ఆ కథ ఇంకాస్త లోపలిదాకా తెలుసు. పురుగు తన్నుకుంటున్నప్పుడు కేశంలో విద్యుత్ సంకేతం పుడుతుంది. ఆ వెంట జాస్మోనేట్ అనే హార్మోన్ ఆకులో పెరుగుతుంది. ఇదేమీ వేటగాడి ప్రత్యేక ఆయుధం కాదు. వంకాయ మొక్కనైనా టమాటానైనా గొంగళిపురుగు కొరికినప్పుడు మొక్క ఆత్మరక్షణకు వాడుకునేది ఈ హార్మోన్నే. తనను తినే పురుగును అడ్డుకోవడానికి పుట్టిన యంత్రాంగాన్ని డ్రోసెరా పురుగును తినడానికి తిప్పుకుంది. పురుగు పైపెంకులోని కైటిన్‌ను కరిగించే ఎంజైములు, మాంసకృత్తులను విడగొట్టేవి, భాస్వరాన్ని విడదీసేవి ఆ జిగురులోకి ఊరతాయి. కొన్ని రోజుల్లో మెత్తటి భాగమంతా కరిగి ఆకులోకి ఇంకిపోతుంది. ఖాళీ డొల్ల గాలికి రాలిపోతుంది.

డ్రోసెరా బంధువర్గం గురించి చెబితే తెలుగు పాఠకులు ఆశ్చర్యపోతారు. జన్యు పరిశోధనల ప్రకారం ఇది చేరేది తోటకూర, పాలకూర, పాయలకూర, బొమ్మజెముడు, కాగితంపూలు ఉన్న క్రమంలోనే. పులికాట్ గట్టున ఉప్పు నేలలో బలిసిన ఆకులతో పెరిగే సూయిడా కూడా ఆ గుంపులోదే. అందరికంటే దగ్గరి చుట్టాల్లో ఒకటి మన వైద్యంలో వాడే చిత్రమూలం. దాని పువ్వు కింద రక్షకపత్రాల మీద చూడండి, జిగురు కారే గ్రంథి కేశాలు ఉంటాయి, చిన్న పురుగులు అంటుకుపోయి కనిపిస్తాయి. చిత్రమూలానికి ఆ ఘాటునిచ్చే ప్లంబాజిన్ అనే రసాయనమే డ్రోసెరాలోనూ దొరుకుతుంది. ఉప్పును తట్టుకున్నవి, ఎడారిని తట్టుకున్నవి, తిండి లేని ఇసుకను తట్టుకున్నవి ఈ ఒక్క గుంపులోనే ఇన్ని ఉండటం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది.

మరి ఇంత లాభసాటి పద్ధతైతే మొక్కలన్నీ పురుగులు ఎందుకు తినవు? 1984లో అమెరికన్ శాస్త్రవేత్త థామస్ గివ్నిష్ బృందం దీనికి ఒక జమాఖర్చు వేసింది. జిగురు, ఎంజైములు, కేశాలు తయారు చేయడం ఖర్చు. అలాంటి ఆకు ఎండను పట్టుకోవడంలో మామూలు ఆకుకు సాటి రాదు, అది మరో ఖర్చు. వేట వల్ల వచ్చే నత్రజని, భాస్వరం ఆదాయం. ఎండ దండిగా ఉండి, నీటికి కొదవ లేక, పోషకాలు మాత్రమే లేనిచోట ఆదాయం ఖర్చును మించుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి మారినా లెక్క తిరగబడుతుంది. మొక్క కూడా ఈ లెక్క చూసుకుంటుందని 2012లో స్వీడన్‌లో చేసిన అధ్యయనం చూపించింది. గాలి కాలుష్యం వల్ల వానతో పాటు పడే నత్రజని తక్కువగా ఉన్న చోట డ్రోసెరా తన నత్రజనిలో 57 శాతం పురుగుల నుంచి తెచ్చుకుంది. ఎక్కువగా పడే చోట 22 శాతమే. వేర్లకు అందుతుంటే వేట మీద పెట్టుబడి తగ్గించేసింది.

ఇంట్లో ఈ మొక్కను పెంచదలచినవాళ్లు పట్టుకోవలసిన సూత్రం ఇదొక్కటే: ఎండ, తడి, లేమి. మనకు చేతనైన ప్రేమంతా ఎరువు వేయడం, మంచి మట్టి పోయడం. ఈ మొక్క విషయంలో ఆ ప్రేమే దాని ప్రాణం తీస్తుంది.

నీటితో మొదలుపెడతాను, మన తీరంలో అసలు పేచీ అక్కడే. నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఇళ్లలో పీపీటీ లెక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. సముద్రపు నీరు సుమారు 35 పీపీటీ, అంటే లీటరులో 35 గ్రాముల ఉప్పు. ఇంట్లో టీడీఎస్ మీటరు చూపించేది పీపీఎం. 1 పీపీటీ 1000 పీపీఎంతో సమానం. మనిషి తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన మేలైన హద్దు 500, గత్యంతరం లేకపోతే 2000 వరకు. డ్రోసెరాకు కావలసింది 50 లోపు, అంటే 0.05 పీపీటీ. 100 దాకా ఏదోలా ఓర్చుకుంటుంది. తీరంలో చాలా బోర్ల నీళ్లు ఈ హద్దుకు ఎన్నో రెట్లు పైన ఉంటాయి. ఆ నీళ్లు పోస్తే మొక్క మర్నాడే వాలిపోదు, అందుకే మోసపోతాం. పోసిన నీరు ఆవిరవుతుంది, ఉప్పు కుండీలోనే మిగులుతుంది. రోజురోజుకూ పేరుకుంటుంది. కొన్ని వారాలకు ఇసుక మీద తెల్లటి పొర కడుతుంది, కొత్త ఆకులు జిగురు లేకుండా వస్తాయి, ఆ తర్వాత మధ్య మొగ్గ నల్లబడుతుంది.

వాన నీరు ఉండగా వేరే నీటి కోసం వెతుక్కోవలసిన పని లేదు. నెల్లూరు ప్రాంతపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలోనే కురుస్తుంది. ఒక చదరపు మీటరు పైకప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 10 లీటర్లు వస్తాయి. వాయుగుండం పట్టిన ఒక్క రోజులో నాలుగు కుండీలకు వేసవి దాకా సరిపడే నీరు పట్టుకోవచ్చు. మొదటి జల్లు దుమ్ము కడుక్కుని వస్తుంది కాబట్టి వదిలేయాలి. సముద్రానికి మరీ దగ్గర, మైపాడు, కొత్తకోడూరు లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు తుపాను గాలితో వచ్చే వానను మీటరుతో చూసుకోవాలి, కెరటాల తుంపర కలిసి ఉంటుంది. పట్టిన నీటిని మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంచాలి. సిమెంటు తొట్టిలో ఉంచితే సున్నం దిగుతుంది. వాన నీరు అయిపోతే ఇంటి ఆర్వో నీరు, 20 లీటర్ల క్యాన్ నీరు మీటరు పెట్టి చూసి వాడొచ్చు. క్యాన్ నీటిలో రుచి కోసం ఖనిజాలు కలిపే వాళ్లూ ఉంటారు కాబట్టి పేరు చూసి నమ్మకూడదు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. ఫిల్టర్లు, పైపు శుభ్రంగా ఉంటే అదీ పనికొస్తుంది.

నీరు పైనుంచి పోయకూడదు, ఆకుల జిగురు కడుక్కుపోతుంది. కుండీ కింద పళ్లెం పెట్టి అందులో సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఎత్తు నీరు ఎప్పుడూ ఉండేలా చూడాలి. పళ్లెంలో నీళ్లంటే దోమలకు పుట్టిల్లు. డెంగీ కాలంలో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. దోమ పెట్టిన గుడ్డు రెక్కల దోమగా లేవడానికి మన వేడిలో వారం పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికి రెండుసార్లు పళ్లెం పారబోసి తుడిచి కొత్త నీళ్లు పోస్తే ఆ చక్రం తెగిపోతుంది.

ఇక నేల. కుండీ ప్లాస్టిక్‌ది కావాలి, మట్టి కుండ గోడల్లో లవణాలు చేరతాయి. పది సెంటీమీటర్ల లోతు చాలు. ఆన్‌లైన్‌లో దొరికే స్ఫాగ్నమ్ పీట్ (నాచు కుళ్లి ఏర్పడిన మట్టి) ఒక వంతు, కడిగిన సిలికా ఇసుక ఒక వంతు కలిపితే సరిపోతుంది. పీట్ పుల్లగా ఉంటుంది, డ్రోసెరా వేర్లకు ఆ పులుపే హితం. పీట్ దొరక్కపోతే కొబ్బరి పొట్టు వాడతారు. మన తీరంలో దానికి లోటు లేదు గానీ దానితో చిక్కు కూడా ఉప్పే. ఉప్పునీటిలో నానబెట్టిన పీచు నుంచి వచ్చిన పొట్టయితే మరీను. వాన నీటిలో నానబెట్టి పిండి పారబోయడం మళ్లీ మళ్లీ చేస్తూ, పిండిన నీటిలో మీటరు పెట్టి చూడాలి. అంకె 50 దగ్గరికి దిగాకే కుండీకి ఎక్కించాలి. బీచ్ ఇసుక తేవాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. దాన్ని ఎంత కడిగినా ఉప్పు పోతుందేమో గానీ గవ్వల పొడి పోదు. చెంచాడు ఇసుక గాజు గ్లాసులో వేసి మీద కాస్త వెనిగర్ పోయండి. సన్నటి బుడగలు లేచి చిటపటమని పొంగితే అందులో సున్నం ఉందన్నమాట. ఆ ఇసుక పీట్ పులుపును చంపేస్తుంది. మంచి సిలికా ఇసుక మీద వెనిగర్ పోస్తే ఏమీ కాదు, గింజలు అలాగే మెరుస్తూ కూర్చుంటాయి.

ఇంట్లో పెంచేటప్పుడు అన్నిటికంటే తక్కువయ్యేది వెలుగు. మన కంటికి గది వెలుగ్గానే అనిపిస్తుంది, మొక్కకు అది చీకటే. కిటికీ దగ్గర రోజుకు నాలుగైదు గంటల పొద్దుటి ఎండ పడితే చాలా మేలు. లేనివాళ్లు 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ ట్యూబు, 20 వాట్లది, కుండీకి జానెడు ఎత్తులో వేలాడగట్టి రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగిస్తే చాలు. దీనికోసం ఊదా రంగు లైట్లు కొననక్కర్లేదు. వెలుగు చాలిందో లేదో మొక్కే చెబుతుంది. ఎర్రబడి ప్రతి కేశానికీ బొట్టు నిలిస్తే చాలినట్టు. పచ్చగా పొడుగ్గా సాగి, ఆకులు పైకి లేచి, బొట్లు లేకపోతే చాలనట్టు. ట్యూబు లైటు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. వానాకాలం సాయంత్రాలు కిటికీ తెరిస్తే దీపానికి వచ్చే సన్న పురుగులు వాటంతటవే ఆకుల మీద వాలతాయి, మనం తిండి పెట్టే పని తప్పుతుంది.

పురుగులు రాని ఇంట్లో అయితే చేపల ఆహారం పొడి పెట్టొచ్చు. రెండు వారాలకోసారి, మెత్తగా నూరి, తడి చేసిన టూత్‌పిక్ కొనకు అంటినంత, ఒకటి రెండు ఆకులకే. ఎక్కువైతే ఆకు అరిగించుకోలేదు, బూజు పట్టి ఆకుతో పాటు మొక్క కూడా కుళ్లిపోతుంది. పచ్చి మాంసం ముక్కలు పెట్టకండి. డార్విన్ పెట్టింది పరీక్ష కోసం, మొక్క బాగు కోసం కాదు.

గాజు పెట్టెలో మూత వేసి పెంచమని చలిదేశాల పుస్తకాలు చెబుతాయి. నెల్లూరులో మూసిన గాజు పెట్టె మీద ఎండ పడితే గంటలో మొక్క ఉడికిపోతుంది. తీరంలో గాలిలోనే తేమ ఉంది, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. మూత అవసరం లేదు. కష్టకాలం ఒక్కటే, మే, జూన్ నెలల్లో పడమటి వడగాలి. సముద్రపు గాలిని వెనక్కి తోసేస్తూ ఆ పొడిగాలి వీచే రోజుల్లో జిగురు బొట్లు ఎండిపోతాయి. అప్పుడు ఎండ తగలని లోపలి గదిలో, ట్యూబు కింద, పళ్లెంలో నీరు తరగకుండా చూసుకుంటే బర్మానై ఆ నెలలు కూడా గట్టెక్కవచ్చు. గట్టెక్కకపోతే దిగులు పడకూడదు. ఏడాది బతికి విత్తనం కాసి పోవడం దాని స్వభావం.

బర్మానై మీద చెయ్యి కుదిరాక ఏ మొక్కల జోలికి వెళ్లాలి? దీనికి సమాధానం అంగట్లో కాదు, భూగోళపు పటంలో వెతకాలి. ఆన్‌లైన్‌లో అందరినీ ఊరించేది వీనస్ ఫ్లైట్రాప్. దాని సొంతూరు అమెరికాలో ఉత్తర, దక్షిణ కరోలినా తీరాల్లో ఒక చిన్న భాగం. ఏటా మూడు నాలుగు నెలలు చలిలో నిద్రపోతేనే అది బతుకుతుంది. నెల్లూరులో జనవరి రాత్రి కూడా ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నిద్ర లేని మొక్క ఒకటి రెండేళ్లలో నీరసించి పోతుంది. మొక్క తప్పు కాదు, పెంచినవాళ్ల తప్పూ కాదు, ఊరు కుదరలేదు. దాన్ని ఈ తీరానికి కొనడం నాకు న్యాయంగా తోచదు.

మన వాతావరణానికి జోడీ ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉంది. 1839లో బీగిల్ నౌక సిబ్బంది అక్కడ ఒక రేవుకు తమ పాత సహప్రయాణికుడి పేరు పెట్టారు. ఆ డార్విన్ పట్టణం చుట్టుపక్కల ఇసుక నేలల్లో పెటియోలారిస్ జట్టు డ్రోసెరాలు పెరుగుతాయి. అక్కడా మనలాగే కొన్ని నెలలు కుండపోత వాన, తర్వాత నిప్పులు చెరిగే ఎండ. ఆర్డెన్సిస్, లనాటా లాంటి జాతుల ఆకుల మీద తెల్లటి నూగు ఉంటుంది, వేడి నుంచి, ఆరిపోవడం నుంచి అది కాపాడుతుంది. రాత్రి చలికి ముడుచుకునే ఈ మొక్కలను లండన్‌లో హీటరు పెట్టి పెంచుతారు, నెల్లూరు కిటికీలో ఆ ఖర్చు లేదు. కుండీ మొక్కలుగా పేరున్న దక్షిణాఫ్రికా కేపెన్సిస్, క్వీన్స్‌లాండ్ అడవుల అడెలే మన వేసవిలో ఇబ్బంది పడతాయి. కూజా మొక్కల్లో కూడా ఇదే తేడా. ఎత్తైన కొండల నెపంథిస్‌కు చల్లటి రాత్రులు కావాలి. రాఫ్లెసియానా, ఆంపుల్లేరియా లాంటి పల్లపు జాతులు, వాటి సంకరాలు మన తీరపు ఉక్కపోతలో హాయిగా సాగుతాయి, వడగాలి రోజుల్లో మాత్రం తడిగుడ్డ చాటు కావాలి.

కొనక్కర్లేకుండా మన చెరువుల్లోనే తేలే వేటగత్తె యుట్రిక్యులేరియా. వేర్లు లేని ఈ నీటి మొక్క పసుపు పూలు నీటి పైకి ఎత్తుతుంది. నీటి కింద దారాల్లాంటి ఆకులకు ఆవగింజలంత తిత్తులు వేలాడుతుంటాయి. తిత్తిలోని నీటిని మొక్క నిరంతరం బయటికి తోడేస్తూ లోపల పీడనం తగ్గించి ఉంచుతుంది. తలుపు దగ్గరున్న కేశాన్ని నీటిపురుగు తాకితే తలుపు తెరుచుకుని నీటితో పాటు దాన్ని లోపలికి లాక్కుంటుంది. 2011లో ఫ్రాన్స్‌లో హైస్పీడ్ కెమెరాతో కొలిస్తే అదంతా ఒక మిల్లీసెకను లోపే ముగిసింది. పొలాల నుంచి ఎరువు కలిసి నాచు పట్టిన నీటిలో ఇది బతకదు. వెడల్పాటి గిన్నెలో వాన నీరు, అడుగున కాస్త పీట్, మంచి వెలుగు ఇస్తే ఇంట్లో కూడా ఉంటుంది, లేత దోమపిల్లలను కూడా తింటుంది.

మొక్కలు తెచ్చుకోవడం గురించి ఒక మాట ఖండితంగా చెప్పాలి. ఇసుకలో కనబడిన డ్రోసెరాను తవ్వుకుని రావద్దు. దాని వేర్లు వెంట్రుకల్లా సన్నవి, తవ్వితే తెగిపోతాయి. తెచ్చిన మొక్క ఎలాగూ నెలల్లో చచ్చిపోయేదే, విత్తనం మాత్రం ఆ నేలకు దక్కకుండా పోతుంది. మేఘాలయ నెపంథిస్ ఖాసియానా లాంటి వాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం నిషేధం ఉంది. విదేశాల నుంచి మొక్కలు తెప్పించాలంటే 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం కావాలి. మన డ్రోసెరాలకు అలాంటి పేరూ లేదు, కాపలా కూడా లేదు. వాటి మీద పడే దెబ్బ మొక్కలు తవ్వేవాళ్లది కాదు, నేలను తవ్వేవాళ్లది. సిలికా కోసం పొరలు ఎత్తేస్తే ఆ ఇసుకలో నిద్రపోతున్న విత్తనం కూడా లారీ ఎక్కిపోతుంది. పర్ర భూములు రొయ్యల చెరువులైతే ఊట నీరు ఉప్పెక్కుతుంది. దొరువు కింద వేసిన తోటకు ఎరువు పెరిగితే గడ్డి దట్టమై ఈ పొట్టి మొక్కను కమ్మేస్తుంది. గివ్నిష్ లెక్కలో మూడు షరతుల్లో ఏదో ఒకటి చెడిపోతుంది. బడిలో బొమ్మ గీయించే ఉపాధ్యాయులు ఒక్క డిసెంబర్‌లోనైనా పిల్లలను తీసుకెళ్లి తమ ఊరి ఇసుకలో ఈ మొక్కను వెతికించి, ఏ పల్లంలో ఉందో రాసి పెట్టిస్తే, రేపు ఎవరైనా ఆ పల్లాన్ని వదిలేయమని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇంట్లో సాగుకు విత్తనమే దారి. కుండీలో పెంచిన మొక్కల నుంచి తీసిన బర్మానై విత్తనం పెంపకందార్ల దగ్గర దొరుకుతుంది, ఒక్క మొక్క వచ్చిందంటే ఇక కొనే పని ఉండదు. మొక్క నడిమి నుంచి జానెడు లోపు కాడ లేచి తెల్లటి పూలు పూస్తుంది. ఒక్కో పువ్వు ఒక్క పూట, కొద్ది గంటలే విచ్చుకుంటుంది. పురుగు రాకపోయినా తనంతట తాను ఫలదీకరణ చేసుకుంటుంది. కాయ ఎండి నల్లబడ్డాక తెల్ల కాగితం మీద తడితే నల్లటి పొడి రాలుతుంది, అదే విత్తనం. దాన్ని తడి పీట్ మీద చల్లి వదిలేయాలి, పైన మట్టి కప్పకూడదు, మొలవడానికి వెలుగు కావాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో గుండుసూది తలంత మొలకలు కనిపిస్తాయి, ఆ వయసులోనే వాటి కేశాలకు బొట్లు ఉంటాయి. మిగిలిన విత్తనాన్ని కాగితం పొట్లంలో కట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వచ్చే అక్టోబర్ చివర, మొదటి వాయుగుండం వాన నీరు డ్రమ్ములోకి పట్టుకున్న వారంలో మళ్లీ చల్లుకోవచ్చు.